తీగ మార్చకముందే రండి

విరుదునగర్ బావకి,

మీరు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఇది రాసి మా పరమేశ్వరక్క చేతికిచ్చి పంపుతున్నా. చదవకుండా మడిచి పెట్టొద్దు.

సాత్తూరు దగ్గర కారు రోడ్డు దిగినప్పటి నుంచి "నా చేతులు నా మాట వినడం లేదు, ఇంక స్టీరింగ్ పట్టను" అంటున్నారంట. కారు అమ్మడానికి మనుషుల్ని కూడా పిలిచినారంట. అక్క ఇక్కడికొచ్చి ఏడ్చింది.

ఆ రోజు లాక్కొచ్చిన మీ కారుకి కోవిల్‌పట్టిలో నా షెడ్డులో లోపాలు పట్టే మిషన్ తగిలించి ఎన్నిసార్లు చూసినా ఏ లోపమూ చూపించలా. అయినా నేను వదల్లా. నిన్న అక్కని పక్కన కూర్చోబెట్టుకొని కళుగుమలై రోడ్డెక్కినా. గుంతలో దిగి ఎడమకి తిప్పేసరికి స్టీరింగ్ రాయిలాగా బిగుసుకుపోయింది.

"ఆయన చెప్పింది ఇదేరా!" అని అక్క అరిచింది. అంతలోనే మామూలైపోయింది.

షెడ్డుకొచ్చి స్టీరింగ్ కింద తీగల్ని ఒక్కొక్కటే కదిలించినా. స్టీరింగ్ ఎంత బలంగా తిప్పుతున్నామో కనిపెట్టే సెన్సరుకి పోయే తీగ పైకి బాగానే ఉంది, రబ్బరు లోపల తెగి ఉంది. వంగితే విడిపోతుంది, మళ్లీ అంటుకుంటుంది. విడిపోయినప్పుడల్లా స్టీరింగ్‌కి మోటారు సాయం ఆగిపోతుంది.

మార్చడం అరగంట పని. అయినా మార్చలేదు బావా. మారిస్తే, మిమ్మల్ని ఓదార్చడానికి ఏదో చెప్తున్నానని అనుకుంటారు. మీరే స్టీరింగ్ పట్టుకొని కూర్చోండి, నేను కింద తీగ కదిలిస్తా. బిగుసుకుంటుందో లేదో మీరే చూడండి.

రేపు అక్కతోనే బస్సెక్కి రండి. అందాకా ఆ కారుని ఎవరినీ ముట్టనివ్వను.

మీ బామ్మర్ది