కరెంటు పోయాక సదస్సు

మార్కాపురం, బుధవారం రాత్రి.

కొత్త రాష్ట్రంలో కళాశాలలు స్థానిక వ్యాపారాలకు తోడ్పడవలెనన్న ఆదేశం మేరకు, పలకల తయారీదారుల కోసం మా కళాశాల పెట్టిన కోర్సులో భాగంగా ఉదయం మేం ఏర్పాటు చేసిన సదస్సుకు ఒక్కరూ రాలేదు. “వాళ్లకు నేర్చుకునే ఆసక్తి లేదని నివేదిక రాయండి, కోర్సు ఎత్తేద్దాం” అన్నారు ప్రిన్సిపాల్. పాఠం చెప్పేదీ, నివేదిక రాయవలసిందీ నేనే గనుక, కారణం విచారించడానికి ఆ తయారీదారుల్లో ఒకడైన మస్తాన్ పలకల షెడ్డుకు వెళ్లాను.

“ఏంది సారూ, కరెంటు ఉండేదే పొద్దున పూట. మిషన్ ఆపి మీ పాఠం వింటే మా ఇంట్లో పొయ్యి మీరొచ్చి వెలిగిస్తారా? కరెంటు పోయినాక పిలవండి, అందరం వస్తాం” అన్నాడు మస్తాన్.

సంస్థలు సైతం నేర్చుకోగలవని నిరూపిస్తూ, నివేదికకు బదులు నోటీసు రాశాను: కరెంటు పోయిన వెంటనే సదస్సు ప్రారంభమగును. ఆదేశం పాటించినట్టవుతుంది గనుక ప్రిన్సిపాల్ రేపు సంతకం చేస్తారు, సందేహం లేదు. ప్రొజెక్టర్ పనిచేయదన్నదే దిగులు. నా స్లైడ్లు ఎవరూ చూడలేరు. కోర్సు బతకడానికి బహుశా అదే మేలు.