గుండీల డబ్బాలో మాత్రలు

ఏమండీ, గుండీల డబ్బాలో మీరు కలిపేసిన మాత్రలన్నీ పారేశాను. అట్టల్లోంచి ఒలిచి పోస్తే రెండు రకాలూ తెల్లటివే కదా! రోజూ వేసుకునే మూడూ అనుకుని, కాలి వేలు వాచినప్పుడు వేసుకునేవి మూడు మింగారు. నిన్నంతా బాత్రూమ్ వదల్లేదు. పైగా నా వంట మీద నెపం! కడిగింది నేను.

కొత్త అట్టలు కుట్టుమిషను మీద పెట్టాను. నల్లదారం కట్టినవి రోజువారీవి. బొటనవేలు వాచినా, వాపు తగ్గినా అవి మానకండి. ఎర్రదారం అట్ట వాపుకి వేసుకునేది, దాని జోలికి పోకండి, డాక్టరుగారి దగ్గరికే వెళ్తున్నా, అడిగొస్తాను. నీళ్లు బాగా తాగండి.

అన్నట్టు, దుప్పటి వేలికి తగలకుండా మంచమ్మీద కాళ్ల దగ్గర పీట పెట్టాను. ఊళ్లోవాళ్ల చొక్కాలకి ఒక్క గుండీ తేడా రానివ్వరు. నా మొగుడి ఒళ్లంటేనే మీకింత చులకనా?