ఫైళ్ళ పాఠం వీడియో

అమలాపురం, మంగళవారం

ఎల్లుండే పరీక్ష. కాలేజీ సైట్లో, ప్రోగ్రాములో ఫైళ్ళు ఎలా చదవాలో చెప్పే నా పాఠం వీడియో ఇవాళ కూడా పిల్లలెవరికీ డౌన్‌లోడ్ కాలేదు. సైటు కట్టిన సుధీర్, నా పాత స్టూడెంటే, ఫోన్లో తాపీగా "మెమరీ చాలట్లేదండి మేడమ్, పెద్ద సర్వర్ తీసుకోమనండి" అన్నాడు. మహా ఇంజినీరు.

కోడ్ తెరిచి చూశాను. వీడియో మొత్తం మెమరీలో పోగయ్యేదాకా ఒక్క ముక్క కూడా బయటికి పంపడు. నలుగురు అడిగితే నాలుగు వీడియోలు పోగేసుకుని సర్వర్ చతికిలబడుతుంది. మళ్ళీ సుధీర్‌కి ఫోన్ చేశాను.

"కాలువ నీళ్ళన్నీ ఇంట్లో పట్టుకుని, అప్పుడు చేలోకి వదులుతావా బాబూ?"

"ఆయ్. క్లాసులో మీరు అలాగే చెప్పేరు కదండీ."

ఎంత పొగరు అనుకున్నాను. అలా ముందే అంతా పోగేసుకునే బఫరింగ్ ఆపి, ముక్కలుగా చదివి పంపేలా నేనే మార్చాను. వెంటనే డౌన్‌లోడ్ అయింది. తెరిచి విన్నాను. "ఫైలంతా ఒకేసారి చదివేయండి, అదే తేలిక" అంటున్నాను అందులో, ఎంత ధీమాగానో.

పిల్లలు అప్పుడే ఆ వీడియో దించేసుకుంటున్నారు.