లోపల తడవని గొట్టం

ఏప్రిల్ 3, ఆత్మకూరు

రాజమోహన్ రైస్‌మిల్లులో కొత్త హై ప్రెషర్ బాయిలర్ చూశాను. ఊక చాలదని ఉదయగిరి నుంచి జామాయిలు కట్టె తెప్పించి మంట రెట్టింపు చేశాడు. గొట్టాలు తట్టుకోవన్నాను. పంపు తిరగతా ఉండాది, నీళ్లు పారతా ఉండాయి, ఇంక గొట్టానికేంది పెద్దాయనా, పుస్తకాలు చదివి చదివి నీకు అన్నీ భయాలే అని నవ్వాడు. రైతు బుద్ధి. నీళ్లు పారితే చేను తడిసినట్టే.

సలహాదారు ఎవరయ్యా అంటే జనార్దనయ్యట! ఒకే ల్యాబ్‌లో పనిచేశాం. కాలే గొట్టంలో పారే నీళ్లు ఎంత వేడిని మోయగలవో ఏళ్ల తరబడి కొలిచింది నేను. డాక్టరేట్ వాడికి.

ఏప్రిల్ 4

పక్కింటి ఆదెయ్య ఆ బాయిలర్‌కే కట్టె వేస్తాడు. వాళ్లావిడ రెబెకమ్మ దోసెలు పోస్తుంటే వెళ్లి, పెనం బాగా కాలనిచ్చి నీళ్లు చిలకరించాను. చుక్కలు పూసల్లా దొర్లాయి. పెనాన్ని అంటలేదు. మంట హద్దు దాటితే గొట్టంలోనూ ఇంతే అని ఆదెయ్యతో అన్నాను. గోడకు ఆవిరి పొర కమ్ముతుంది, నీళ్లు తాకకుండా పోతాయి, ఇనుము కాలి చీలుతుంది. అప్పుడు ఎదురుగా ఉండేది నువ్వే.

రెబెకమ్మ పని మానుకోమంది. సీజన్లో మానుకుంటే మళ్లా ఎవడు పిలస్తాడే అన్నాడు ఆదెయ్య.

ఏప్రిల్ 7

గొట్టం చీలాలి. జనార్దనయ్య పేరు పేపర్లో పడాలి. నిద్ర లేచినప్పటి నుంచి ఇదే కోరిక.

ఏప్రిల్ 7, సాయంత్రం

ఆదెయ్య డ్యూటీకి పోతూ గేటు దగ్గర చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను.

ఏప్రిల్ 8

జనార్దనయ్యకు ఫోన్ చేశాను. ఏందిరా, ఇంకా బతికే ఉండావా అన్నాడు. మాట పడ్డాను. పెనం సంగతితో సహా మొత్తం చెప్పాను. రాజమోహన్ నీ మాట వినడు, నా మాటగా చెప్తాలే అన్నాడు. ఎప్పుడూ చేసే పనే కదా అన్నాను. పెట్టేశాడు.

ఏప్రిల్ 10

బాయిలర్ ఆపి చూశారట. మంట వైపు రెండు గొట్టాలు పొట్టలు ఉబ్బి ఉన్నాయట. మార్చేదాకా మిల్లు బంద్. ఇకమీదట కట్టె వేయరు. జనార్దనయ్యకు శాలువా కప్పారు. నేను పోలేదు. నన్నెవరూ పిలవనూ లేదు.

ఏప్రిల్ 11

ఆదెయ్య దోసెలు తెచ్చాడు. మీరు పెనం మీద చూపిచ్చినారే, ఆ పెద్ద సారూ అచ్చం అట్టనే చెప్పినాడు సార్, ఆయన కాడే నేర్చుకున్నారా అని అడిగాడు.

అవునన్నాను.