పెర్కిట్ కొండా, లోయా, తీరమా?

పెర్కిట్,
మే 3.

చిరంజీవి అల్లుడు లోకేశ్‌కు మీ మామ ధర్మయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం, పసుపు ఒక్కటే బాగా లేదు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమెందుకని అనుకోకండి. ఫోన్లో నా గొంతు నా మాట వినదు. కొత్తల్లుడి మీద గొంతెత్తిన మామ అని ఊళ్లో పేరొస్తే మంచిది కాదు. అందుకే కాగితం మీద రాసి మీ ఆఫీసు అడ్రసుకు బస్సు కార్గోలో వేస్తున్నాను.

మా అల్లుడు హైదరాబాద్‌లో వాతావరణం చెప్పే కంపెనీలో ఉన్నాడని ఆర్మూర్ అంతా చెప్పుకుని తిరిగినవాణ్ని. మీ కంపెనీ వేసవి చివరి అంచనా చదివాను. లోయల్లో పొడి ఎండ, తీరంలో ఈదురుగాలులు, కొండల్లో భారీ వర్షం అని ఉంది. ఆర్మూర్ గుట్ట మా ఇంటి మీది నుంచి కనబడుతూనే ఉంటుంది కదా, మాది కొండే అనుకున్నాను. పసుపు ఉడకబెట్టే మిషన్ వంతు ఈసారి మాకు చివర్లో వచ్చింది. అందరి పసుపూ మార్కెట్‌కు పోయినా మాది ఇంకా వాకిట్లోనే ఎండుతోంది. కొమ్ము తడిస్తే రంగు పోతుంది, రంగు పోయిన పసుపును ఎవరూ ముట్టరు. ఏడాది కష్టమంతా ఆ వాకిట్లోనే ఉంది. అందుకని కూలోళ్లను పిలిచి అంతా కుప్ప చేసి తాడిపత్రి పట్టా కప్పించాను.

చుక్క పడలేదు. నిప్పులు చెరిగే ఎండ. పక్కింటి దేవిదాస్ గోడ మీది నుంచి తొంగి చూసి, "ఏం ధర్మన్నా, పసుపుకు సలి పెడుతుందా?" అన్నాడు.

మాది కొండ కాకపోతే మరేమిటో తెలియజేయగలరు.

ఇట్లు,
మీ మామ ధర్మయ్య.

తా.క.: అల్లుడికి అత్త ఎదురు చెప్పరాదు గనక మీ అత్త గంగమణి నాకు చెబుతోంది, నేను రాస్తున్నాను. "గా కుప్ప చేసుడు, మళ్ల పరుసుడుతోని నా నడుము ఇరిగింది. నా నడుముకు తెరిపి ఎప్పుడిస్తదో గది గూడ అడుగు."


హైదరాబాద్,
మే 5.

మామయ్యకు నమస్కరించి లోకేశ్ రాసుకునేది. ఇక్కడ నేనూ మీ అమ్మాయి రుచితా క్షేమం.

మీ ఉత్తరం ముందు ఆఫీసులో అందరూ చదివారు, చివర్లో నాకిచ్చారు. ఆర్మూర్ గుట్ట గొప్పదే, కాదనను. కానీ మా మ్యాపులో దాన్ని కొండ కింద లెక్కవేయరు. మీరున్నది గోదావరి లోయలో. లోయలకు ఈ వారం పొడి వాతావరణం, వాన అవకాశం ముప్పై శాతం మాత్రమే. ధైర్యంగా పసుపు పరిచి ఉంచండి.

మీ అల్లుడు,
లోకేశ్.

తా.క.: అత్తమ్మ నడుముకు రుచిత నూనె పంపుతోంది. దానికి మా కంపెనీ పూచీ లేదు.


పెర్కిట్,
మే 9.

చిరంజీవి అల్లుడికి దీవెనలు. మీ లోయలో వాన పడింది.

వాకిలి తూర్పు మూలన పరిచిన పసుపు తడిసింది, మిగతాది ఉరుకులు పరుగుల మీద ఎత్తుకున్నాం. మీరు రాసిన ముప్పై శాతం ఆ మూలే అని ముందే చెబితే ఆ మూల వదిలేసి పరిచేవాణ్ని కదా అల్లుడా! తడిసిన కొమ్ము చేతిలో పట్టుకుంటే ఏడుపొచ్చింది. నిజం చెబుతున్నాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇది చాలదన్నట్టు పోచంపాడ్‌లో చేపలు పట్టే నా దోస్తు గంగాదాస్ మీ అంచనా నాతో చదివించుకున్నాడు. తీరంలో ఉన్నవాళ్లు వేటకు పోరాదని అందులో ఉంది. డ్యామ్ ఒడ్డున ఉన్నాను గనక నాది తీరమే అని పడవ ఒడ్డుకు లాగి ఇంట్లో కూర్చున్నాడు. గాలి లేదు, వాన లేదు, మిగతావాళ్లకు వలల నిండా చేపలు. పొద్దున్నే మా ఇంటికొచ్చి, "నీ అల్లుడు నా నోట్లె మన్ను గొట్టిండు!" అని వీధి వీధంతా వినబడేట్టు అరిచాడు. చాయ్ పోసి పంపించాను.

ఇట్లు,
గొంతెత్తని మీ మామ ధర్మయ్య.

తా.క.: మీ అత్త మాట: "అల్లునికి పగ వాన మీదనా, మన మీదనా? జర అడిగి తెల్సుకో."


హైదరాబాద్,
మే 12.

మామయ్యకు నమస్కారాలు.

మామయ్యా, పోచంపాడ్ తీరం కాదు! తీరమంటే సముద్రం! నేను వాన కురిపించను, ఆపను, ఏ వాకిట్లో ఏ మూలన పడుతుందో చెప్పలేను. మా మేనేజర్ కూడా చెప్పలేడు. మీ ఉత్తరాలొచ్చిన దగ్గర్నుంచి ఆఫీసులో నా పేరు "తూర్పు మూల" అయిపోయింది.

అయినా మీ పసుపు తడిసిందంటే నాకూ బాధే. అందుకే నా సొంత పూచీ మీద రాసిస్తున్నాను. ఈ శనివారం కొండ, లోయ, తీరం, గుట్ట, డ్యామ్ ఎక్కడా ఒక్క చుక్క పడదు. పడితే మీసం తీయించుకుంటాను. మీకు నమ్మకం కుదరాలని ఆ రోజే రుచితతో స్వయంగా వస్తున్నాను. మీ పసుపు పక్కనే మంచం వేసుకుని ఎండలో కూర్చుంటాను.

మీ అల్లుడు,
లోకేశ్.

తా.క.: రుచితకు అంకాపూర్ నాటుకోడి కూర తినాలని ఉందట. నేనైతే ఏమీ అడగలేదు, గమనించగలరు.


పెర్కిట్,
మే 17.

చిరంజీవి అల్లుడికి దీవెనలు. మీరు రాలేదు. వాన వచ్చింది.

లీవు దొరకలేదని నిన్న మధ్యాహ్నం మీ ఫోన్ రాగానే ఇంట్లో అందరి మొహాలు వాడిపోయాయి. కోడి కూర పొయ్యి మీద ఉడుకుతూనే ఉంది. సాయంత్రానికి ఆకాశం నల్లబడి, మా పక్కింటి రేకులు లేచిపోయేంత గాలీవానా మొదలైంది. దేవిదాస్ మీ కాగితం నా దగ్గర చదివి, అల్లుడు మీసం పందెం కాసిండంటే మాటలా అని మక్కజొన్నలన్నీ ఆరబోసుకున్నాడు. అవన్నీ తడిసి ముద్దయ్యాయి.

మా పసుపు ఒక్క కొమ్ము తడవలేదు.

నేను పరిచే ఉంచుదామన్నాను. మీ అత్త వింటేనా! శనివారం పొద్దున్నే చీపురు పట్టుకుని నిలబడింది. "అల్లుడు పసుపు తొక్కుకుంట ఇంట్లకొస్తడా? సాన్పి సల్లాలె, ముగ్గెయ్యాలె. అంత ఎత్తి లోపట పెట్టు" అంది. వాన రాదని అల్లుడే రాసిచ్చాడని మీ ఉత్తరం చూపించాను. "వాన కోసం ఎవరెత్తమన్నరు? అల్లుని కోసం ఎత్తు" అంది. తిట్టుకుంటూనే ఎత్తాను. సంచులు ఇల్లంతా నిండి మీ కోసం కొన్న కొత్త మంచం దాకా వచ్చాయి. వానలో ముగ్గు ఒక్కటే కొట్టుకుపోయింది. రాత్రి సంచి మూతి విప్పి కొమ్ము విరిచి చూసుకున్నాను, బంగారంలా ఉంది. మీ మీద కోపమంతా అప్పుడే పోయింది. ఇంకో రెండెండలు తగిలితే పాలిష్‌కు తోలుతాను.

మీసం తీయించుకోవద్దు. వాన రాదన్న మీ మాట తప్పింది గానీ, మీరు వస్తానన్న మాటే మా పసుపును కాపాడింది.

ఇట్లు,
మీ మామ ధర్మయ్య.

తా.క.: దేవిదాస్ పొద్దున్నే గోడ దగ్గరికొచ్చాడు. ఈసారి నవ్వలేదు. "అన్నా, నీ అల్లుడు మళ్ల ఎప్పుడొస్తుండు? ముందుగాల చెప్పు, మక్కలు ఎత్తుకుంట" అన్నాడు. కాబట్టి ఇకమీదట అంచనాలు పంపకండి. వస్తున్నానని ఒక్క ముక్క రాయండి చాలు, రావడం మీ ఇష్టం.

మళ్లీ తా.క.: మీ అత్త కాగితం లాక్కుని చివరి మాట కొట్టేయమంటోంది. "ఇష్టమేంది, ఇష్టం? బిడ్డ మొకం జూడక పానం గుంజుతుంది. నిన్నటి కోడి దేవిదాస్ ఇంటోళ్లు దిన్నరు, ఇంకోటి చెప్పి పెట్టిన. ఈపాలి వానొచ్చినా సరే, రమ్మను."