పుదీనా రైతుగారి తెనాలి ఇల్లు

ఏమండీ,

అన్నం, దోసకాయ పప్పు స్టవ్ మీదున్నాయి. సాయంత్రం పక్క ఫ్లాట్ సయ్యద్ గారు వచ్చి మన కారు తీసుకెళ్తారు. తాళాలు ఇచ్చెయ్యండి. బేరం నేనే ఆడాను, మీరు మొహమాటపడి తగ్గించకండి.

పొద్దున మీరు ప్లాంటుకు వెళ్ళగానే తెనాలి నుంచి లాయరు బాబాయి ఫోన్ చేశారు. మన ఇంటి వేలానికి తేదీ వేశారట. మీరు రైతునని కోర్టులో చెప్పమన్నారట కదా! రైతు ఉండే ఇల్లు అప్పులవాళ్ళు జప్తు చేయకూడదన్న చట్టం నిజమేనట. "మరి అల్లుడు ఆ సౌదీ జుబైల్‌లో ఏం సాగు చేస్తున్నాడమ్మా?" అని అడిగారు. బాల్కనీ కుండీలో పుదీనా అని చెప్పాను. అయినా అసలు రైతుకైనా లాభం లేదట. ఆ ఇంటినే తాకట్టు పెట్టి సంతకం చేసినవాణ్ణి ఆ చట్టం కాపాడదట. బకాయి కడితేనే వేలం ఆగుతుంది.

"స్కడ్ మిసైళ్ళు పడుతుంటే బ్యాంకువాడికి మనం గుర్తుంటామా?" అని యుద్ధంలో వాయిదాలు ఎగ్గొట్టారు. దేశం వదిలిపోయేవాళ్ళ దగ్గర చౌకగా వచ్చిందని ఆ డబ్బుతో కారు కొన్నారు. స్కడ్లు ఆగి ఏడాది దాటింది. బ్యాంకువాడు మాత్రం ఆగలేదు.

ఆస్పత్రి వ్యాను హారన్ కొడుతోంది. వెళ్తున్నా.

కామేశ్వరి

ఇంకోమాట. సైరన్లు మోగుతుంటే ఆస్పత్రికొచ్చి నన్ను ఆ కారులోనే ఇంటికి తెచ్చుకున్నారు. అది వెళ్ళిపోతుంటే చూడలేకే ఈ సాయంత్రం డ్యూటీ అడిగి వేయించుకున్నాను.