ఆరో ఎపిసోడ్‌కు మొదటి ర్యాంకు

మార్చి 14, శనివారం
ఇంటి వెనక గది నుంచి

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాయునది. దీవెన అలవాటు కొద్దీ వచ్చేసింది, దాన్ని చూసి మురిసిపోకు. ఇక్కడ నేనూ, మీ బావా, నీ మేనకోడలూ క్షేమం. అక్కడ నువ్వూ మరదలూ క్షేమమని తలుస్తాను. నువ్వు మహా దర్జాగా ఉన్నావని మొన్న గురువారం మీ పత్రిక చూస్తే తెలిసింది. సగం పేజీ నీ రాత, పక్కనే గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న నీ ఫొటో. ఆ చెయ్యి అక్కడ పెట్టమని నీకు ఎవరు చెప్పారో గానీ బొత్తిగా నప్పలేదు.

నాలుగేళ్లుగా నీకు ఫోన్ చెయ్యలేదు, ఇప్పుడూ చెయ్యను. ఫోన్లో అయితే మధ్యలో నువ్వు అడ్డొస్తావు. ఉత్తరానికి ఆ బాధ లేదు, తీరిగ్గా చివరిదాకా తిట్టొచ్చు. మనకు మాటలు ఎందుకు ఆగిపోయాయో మర్చిపోయి ఉంటావు, గుర్తుచేస్తాను. అడుగులకూ తలుపులకూ తెర వెనక నేను చప్పుళ్లు చేసిన సినిమా గురించి నువ్వు, కథకన్నా చెప్పుల చప్పుడే ఎక్కువ వినిపించింది అని రాశావు. ఆ చెప్పులు తొడుక్కుని నడిచింది సొంత అక్క అని తెలిసే రాశావు. సరే, అది ఎలాగో మింగాను. ఇప్పుడు నువ్వు చేసింది మాత్రం మింగుడుపడేది కాదు.

‘దూరనౌక’ సంగతే రాస్తున్నాను. మన చిన్నప్పుడు టీవీలో ఆ పాత సిరీస్ వచ్చిన రోజుల్లో నాన్న ఈ గదిలోనే దానికి చప్పుళ్లు చేసేవాడు. నువ్వూ నేనూ బడి నుంచి రాగానే సంచులు మూలన పడేసి, తొట్టెలో నీళ్లు పోసేవాళ్లం, రేకులు పట్టుకుని నిలబడేవాళ్లం. అంతరిక్ష నౌక తలుపు మూసుకునే చప్పుడు మన పిండి డబ్బా మూతదని ఆ రోజుల్లో మనింట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ల తర్వాత ఆ సిరీస్‌ని మళ్లీ లేపారు. నాన్న కూతురినని నన్ను పిలిచారు. ఎనిమిది ఎపిసోడ్లు, తొమ్మిది నెలల పని. నువ్వేమో విలేకరులకిచ్చే కాపీలో, విడుదలకు వారం ముందే అన్నీ చూసేసి, ఎనిమిదింటికీ ర్యాంకులేసి పారేశావు.

‘తుప్పు వాన’కు ఎనిమిది. అంటే ఆఖరు. నీకు చేతులెలా వచ్చాయిరా? ఆ గ్రహం మీద కురిసే వాన మనకు తెలిసిన వానలా వినిపించకూడదని డైరెక్టరు అంటే, పదకొండు రకాల వానలు చేశాను. ఇనుప రజను, తుప్పు మేకులు, పాత తాళంచెవులు, పగిలిన గాజు ముక్కలు, ఒక్కోదాన్నీ ఒక్కో రేకు మీద జల్లుకుంటూ పోయాను. నా కుడి భుజం ఇప్పటికీ సరిగ్గా పైకి లేవడం లేదు. నువ్వు దాని గురించి రాసింది ఒక్కటే ఒక్క మాట, సాగతీత అని. నన్నడిగితే అది రెండో స్థానంలో ఉండాల్సింది.

‘యంత్రం సాక్ష్యం’కు మూడు. కోర్టు బోనులో నిలబడి మరమనిషి ఏడుస్తుంటే నీ కళ్లలో నీళ్లు తిరిగాయట. ఆ ఏడుపు ఏమిటో తెలుసా? మీ బావ తడి చేత్తో బెలూను రుద్దాడు. మూడు బెలూన్లు పగిలాయి, నాలుగోది ఏడ్చింది. ‘తేలే వంటగది’కి ఏడు, అందులో హాస్యం పండలేదట. నీకు హాస్యం ఎప్పుడు పండింది గనక? మరదలిని అడుగు, చెబుతుంది. దానికి నేనైతే అయిదిచ్చేదాన్ని.

ఆఖరిది ‘తిరుగు దారి’కి రెండిచ్చావు. ఆఖరిదాన్ని తక్కువ చేస్తే జనం మీద పడతారని భయపడి ఇచ్చావు, నాకు తెలుసు. కెప్టెనమ్మ పావుగంట సేపు అందరికీ వీడ్కోలు చెబుతూ ఉంటుంది, బయట నౌకలు ఢామ్మని పేలుతూ ఉంటాయి, ఒక్కరికీ తొందర ఉండదు. నా ఢామ్ములు నేను చేశాను గానీ, అది ఆరుకు మించదు. ‘ఇద్దరు కెప్టెన్లు’ గురించి మాత్రం నీతో పేచీ లేదు. ఆ ఇద్దరిలో అసలు ఎవరో, నకిలీ ఎవరో రాసినవాళ్లకే తెలియలేదు.

ఇక ఆరో ఎపిసోడ్, ‘పాత నౌక’. దానికి నువ్విచ్చింది మొదటి ర్యాంకు.

మిగతావన్నీ వదిలేసినా దీన్ని వదలను. తను ఎప్పుడో వదిలేసి వెళ్లిన నౌకలోకి కెప్టెనమ్మ ఒంటరిగా అడుగుపెడుతుంది. నాలుగు నిమిషాలు నడుస్తుంది. మాట లేదు, సంగీతం లేదు. ఆ నాలుగు నిమిషాలూ నాకే వదిలేశారు. కష్టమైన పని గనక దాన్ని అన్నిటికన్నా ఆఖరున పెట్టుకుని, ఆరు వారాలు చేశాను. బరువైన బూట్లు తొడుక్కుని ఇనుప మంచం పలక మీద నడిచాను. హెల్మెట్ లోపలి ఊపిరి కోసం మూతికి స్టీలు గిన్నె అడ్డం పెట్టుకున్నాను. పాత బీరువా తలుపును వందసార్లు తెరిచాను. ఆవిడ తన గది ముందుకు వచ్చేసరికి ఊపిరి ఆగాలి, మళ్లీ అందుకోవాలి. ఆ ఒక్కదానికే నాలుగు రోజులు పట్టింది. నా పనిలో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు.

విడుదల రోజు ముగ్గురం సోఫాలో కూర్చున్నాం. కెప్టెనమ్మ నౌకలో కాలు పెట్టింది. చప్పుడు లేదు. టీవీ పాడైందేమోనని మీ బావ రిమోటు తీసి అరచేతిలో కొట్టాడు. నాలుగు నిమిషాలూ మూకీ సినిమా.

వెంటనే మిక్సింగ్ బాబాయికి ఫోన్ చేశాను. నాన్న దగ్గర పని నేర్చుకుని, నీకు సైకిలు తొక్కడం నేర్పిన బాబాయే. మా చప్పుళ్లూ మాటలూ సంగీతమూ కలిపే పని ఇప్పటికీ ఆయనదే. అమ్మాయీ, నువ్వు పంపిన చప్పుళ్ల ట్రాక్ ఎక్కలేదు, పొరపాటైంది అన్నాడు. ఆయన చేతుల్లో ట్రాక్ జారిపోవడం నేనెరిగి ఎన్నడూ లేదు. పెద్దవాడైపోయాడులే అనుకున్నాను. పోనీ ఇప్పుడైనా ఎక్కించండి, ఆన్‌లైన్‌లో వచ్చేదాన్ని తర్వాతైనా మార్చొచ్చు కదా అంటే నసిగాడు.

డైరెక్టరునే అడుగుదామని గురువారం స్టూడియోకి వెళ్లాను. ఆయన బల్ల మీద నీ పేజీ పరిచి ఉంది. ఒక వాక్యం కింద ఎర్రగీత గీశాడు. ఈ సీజన్ మొత్తానికి ధైర్యమైన నాలుగు నిమిషాలు ఇవే, ఎందుకంటే ఇక్కడ ఎవరూ ఏమీ చెయ్యలేదు అని నువ్వు రాసినదే. చదివేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. మొదటి ర్యాంకు వచ్చినదాన్ని ఇప్పుడు ముట్టుకుంటామా మేడమ్ అన్నాడాయన. అంతటితో ఆగలేదు, ఆ నిశ్శబ్దం తన ఆలోచనేనని ముందు గదిలో కూర్చున్న విలేకరితో నా ఎదురుగానే చెప్పాడు.

అందుకని నువ్వు చెయ్యాల్సింది ఇది. వచ్చే గురువారం నీ పేజీలో, ఆ నిశ్శబ్దం పొరపాటున జరిగిందని రాయి. ఆరోదాన్ని మొదటి స్థానంలోంచి దించు. నువ్వు దించితే ఆయన నా చప్పుడు ఎక్కించక చస్తాడా! నువ్వు దించకపోతే ఆ ఎపిసోడ్ ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది, నేను జీవితంలో చేసిన మంచి పని ఒక్కరి చెవినా పడకుండా పోతుంది. నాకు యాభై రెండేళ్లు. ఇలాంటి నాలుగు నిమిషాలు మళ్లీ ఎవరిస్తారు?

ఈ పని నాకొద్దని నువ్వు ఈ గదిలోంచి లేచి వెళ్లిపోయిన రోజు నాన్న నిన్ను ఒక్క మాట అనలేదు. ఆయన బదులు నేనంటున్నాను. కూర్చుని చెయ్యడం నీ వల్ల కాలేదు, అందుకే కూర్చుని మార్కులేసే పనిలో కుదురుకున్నావు. మరదలిని అడిగానని చెప్పు. నిన్ను అడిగానని ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇట్లు,
నీ ర్యాంకుల్లో ఎక్కడా పేరు లేని
అక్క

మరొక మాట. మార్చి 17, మంగళవారం.

ఉత్తరం కవర్లో పెట్టి అంటించేశాను. నిన్న పొద్దున పోస్టులో వెయ్యడానికి చెప్పులేసుకుంటుంటే మిక్సింగ్ బాబాయి వచ్చాడు. నిన్ను కడిగేస్తూ ఉత్తరం రాశానని చెప్పేసరికి కుర్చీలో కూలబడ్డాడు. వాడికి వెయ్యకమ్మాయీ, ముందు ఇది విను అని, నా నాలుగు నిమిషాలు పెట్టాడు. నీ మేనకోడలిని కూడా పిలిచి కూర్చోబెట్టాడు.

నా బూట్లు, నా ఊపిరి, నా బీరువా అన్నీ వినిపించాయి. ఎంత చక్కగా వచ్చాయో అనుకుంటూ పక్కకు చూస్తే, నా కూతురు రెండు చెవులూ మూసుకుని ఉంది. కీచుమంటోందమ్మా, మొదటినుంచీ చివరిదాకా అంది. ఎక్కడిదే ఆ కీచు అంటే బల్ల మీది కొత్త లైటు చూపించింది. ఆరో ఎపిసోడ్ పని మొదలుపెట్టేముందు కొన్న లైటు. వెలిగిస్తే చాలు కూస్తుందట. రోజూ కూస్తూనే ఉందట. నీకు అలవాటైపోయిందేమో అనుకున్నానమ్మా అంది. నేను స్విచ్చి వేశాను, తీశాను, మళ్లీ వేశాను. తమ్ముడూ, నాకేమీ వినిపించలేదు.

మిగతాది బాబాయి చెప్పాడు. నేను ఆలస్యంగా పంపిన ట్రాక్‌ని వినే తీరిక లేక ఆయన మీ విలేకరుల కాపీలో అలాగే ఎక్కించి పంపేశాడట. నువ్వు చూసిన అరగంటలో ఆయనకు ఫోన్ చేశావట. అక్క చెవికేదో అయింది బాబాయ్, విడుదలయ్యేలోపు ఆ ట్రాక్ తీసెయ్, అక్కకు చెప్పకు అన్నావట. చప్పుడేదీ అని డైరెక్టరు అడిగితే వచ్చే సీజన్‌కు అక్కను మార్చేస్తారు, ఆయన అడగకుండా ఉండేలా నేను రాస్తాను అన్నావట. ఆయన తీసేశాడు, నువ్వు రాశావు కూడా.

పాత ఉత్తరం చింపేద్దామనుకున్నాను. చింపను. తిట్లన్నీ మనస్ఫూర్తిగానే తిట్టాను, ‘తుప్పు వాన’ విషయంలో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. పైగా ఇప్పుడు అసలు తిట్టు కలుస్తోంది. నా చెవులు పోతున్నాయని నాకన్నా ముందు నీకు తెలిసి, ఆ సంగతి నాకు చెప్పకుండా బాబాయికి చెబుతావా? నువ్వు చెప్పుల చప్పుడని రాసినప్పుడు ఒళ్లు మండిందేగానీ, నువ్వు అన్నావంటే ఎక్కడో నిజంగానే ఎక్కువైంది కాబోలని ఆ తర్వాత నుంచి మెత్తటి చెప్పులు వాడుతున్నాను. నీ చెవిని అంత నమ్మాను. ఇప్పుడు జాలిపడి ర్యాంకులిస్తే నేనింక ఎవరి మాట నమ్మాలి?

నిన్న సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్లాను. కీచుమనే సన్నటి శబ్దాలు మీ చెవికి ఇక అందవు, పోయిన వినికిడి తిరిగి రాదు, మిగిలినదాన్ని జాగ్రత్తగా చూసుకోండి అన్నారు. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. ఇవాళ డైరెక్టరు దగ్గరికి వెళ్లి అంతా నేనే చెప్పేశాను. ఆ నాలుగు నిమిషాలు మళ్లీ చేసుకొస్తాను, బాగుంటే ఎక్కించండి, లేకపోతే మానెయ్యండి అన్నాను. ఒక్కసారికి సరే అన్నాడు.

శుక్రవారం పదింటికి ఈ గదికి రా. ఆ లైటు పారేశాను గానీ, ఇంకా ఏమేం కూస్తున్నాయో నాకు తెలియదు. నేను నడుస్తాను, ఊపిరి తీస్తాను. నువ్వు గోడకానుకుని కూర్చో. కీచుమన్నప్పుడల్లా చెయ్యెత్తు. నోరు మాత్రం విప్పకు, నీతో నేనింకా మాట్లాడటం లేదు.